ఎడారి బండియు ఇల్లాలును

ఇంటికి క్రొత్త వస్తువేది వచ్చినను దాని వెల ఒక దినముతో తీరిపోవును. దాని పోషణము మాత్రము ఏండ్ల తరబడి ఇంటివారి మెడకు చుట్టుకొనియుండును. పాడియావు వచ్చినను అంతే, కుట్టుమిషను వచ్చినను అంతే. అమెరికాదేశమున ఆరిజోనా రాష్ట్రములో, ఫీనిక్సు నగరము చుట్టుప్రక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొన్నింట మోటారుకారు ప్రక్కన మఱియొక వాహనము వచ్చి చేరినది. దానిని కొనుటకు ముందు మగవారు అశ్వశక్తిని గూర్చియు, వేగమును గూర్చియు నెలల తరబడి చర్చింతురు. కొన్న పిదప నడపువాని ప్రక్కన కూర్చుండునది ఇల్లాలు; వెనుక కూర్చుండువారు బిడ్డలు. కావున ఆ యంత్రము ఎట్లు నడచును, ఎచ్చట చెడును, ఎప్పుడు ప్రాణము మీదికి తెచ్చును అను విషయములు ఆమెకు తెలియకుండుట తగదని మా అభిప్రాయము. మా యింట ఇట్టి బండి నాలుగు శీతకాలములనుండి యున్నది. చూచినదియు నేర్చినదియు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

దీనిని అచ్చటివారు సైడ్-బై-సైడ్ అందురు. ప్రక్కప్రక్కన కూర్చుండు బండి యని అర్థము. మోటారుసైకిలుమీదవలె కాళ్లు చెఱియొక వైపున వైచుకొని ఒకరి వెనుక నొకరు కూర్చుండు నాలుగుచక్రముల బండి వేఱు, ఇది వేఱు. ఇందు కారులోవలెనే ముందు రెండు ఆసనములు, పెద్దవానిలో వెనుక మఱి రెండును ఉండును. త్రిప్పుటకు స్టీరింగు, త్రొక్కుటకు పెడళ్లు కారువే. అయితే కారునకు గోడలు, కప్పు ఉన్నచోట దీనికి ఉక్కు గొట్టముల పంజరము మాత్రమే యుండును. చక్రములు ఒక్కొక్కటి రెండడుగులకు మించిన ఎత్తు. గుంతలో దిగి గట్టెక్కునపుడు అవి మూరెడు పైకి క్రిందికి ఆడునట్లు పొడవైన స్ప్రింగులపై అమర్చబడియుండును. బాట లేని చోట, రాళ్లలో, ఎండిన వాగులలో, ఇసుక తిన్నెలపై పోవుటకు దీనిని చేసిరి.

యమహా కంపెనీవారు 2003లో రైనో అను బండిని వెలువరించినది మొదలు ఈ జాతికి గిరాకి హెచ్చినది. అది కొంత పొలము పనికి, కొంత విహారమునకు. 2007లో పొలారిస్ వారు ఆర్.జెడ్.ఆర్. అను బండిని కేవలము విహారమునకే చేసిరి. దానిని అందఱును రేజరు అందురు. ఆ పిదప కంపెనీల పందెము మొదలైనది. కాన్-యామ్ వారు 2015 నమూనాగా 121 అశ్వశక్తిగల టర్బో బండిని, పొలారిస్ వారు 2016 నమూనాగా 144 అశ్వశక్తిగల టర్బో రేజరును తెచ్చిరి. మఱుసటి సంవత్సరపు నమూనాగా కాన్-యామ్ వారి మావెరిక్ ఎక్స్3 154తో వచ్చి, 2021 నమూనా నాటికి 200కు పెరిగినది. ఆ ఇంజను పరిమాణము ఒక లీటరునకు తక్కువ. మన యూళ్లలో తిరుగు చిన్నకారు ఇంజనును అంతే. దాని శక్తి 70 అశ్వశక్తికి దరిదాపులలో నుండును. అంత చిన్న ఇంజను అంత బలము నెట్లు చూపుచున్నదో తెలిసికొన్నచో తక్కిన పోషణమంతయు దానంతట అదియే బోధపడును.

ఇంజనులో పెట్రోలు మండి వెలువడు పొగ మిక్కిలి వేడిగాను, వేగముగాను ఉండును. మామూలు బండిలో అది గొట్టము వెంట వ్యర్థముగా బయటికి పోవును. టర్బో బండిలో దానిని ఒక చిన్న రెక్కల చక్రము మీదుగా పంపుదురు. గాలికి రంగుల కాగితపు గిరక తిరిగినట్లు ఆ చక్రము తిరుగును. అదే ఇరుసునకు ఆవలి కొనను మఱియొక రెక్కల చక్రముండి, అది బయటి గాలిని పీల్చి ఇంజనులోనికి కూరును. గాలి హెచ్చినకొలది పెట్రోలు హెచ్చుగా మండును, బలము హెచ్చును. పోవు పొగతోనే పని చేయించుకొను ఈ ఉపాయమునకు స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందెను. ఎత్తైన కొండలపై గాలి పలుచబడి తక్కిన బండ్లు నీరసించునపుడు టర్బో బండి అంతగా నీరసింపకుండుటకు గూడ ఇదియే కారణము.

ఆ చిన్న చక్రము నిమిషమునకు లక్షకు పైగా తిరుగును. దాని యిరుసు పలుచని నూనెపొర మీదనే తేలుచుండును. ఆ నూనె ఇంజనునకు పోయు నూనెయే. ఇక్కడ వంటయింటి అనుభవము మనకు చాల ఉపకరించును. మూకుడులో గారెలు వేయించి, మంట ఆర్పి, అడుగున మిగిలిన కొద్ది నూనెను వేడిపొయ్యి మీదనే వదలినచో అది మాడి జిగురై, తుదకు నల్లని పెచ్చుగా పట్టుకొనును. పుల్లచింతపండుతో తోమినను పోదు. టర్బోలోను అదే జరుగును. తిన్నెలపై పూర్తి వేగముతో పరుగెత్తించి వచ్చి తటాలున తాళము త్రిప్పినచో, నూనె ప్రసారము ఆగిపోవును; ఎఱ్ఱగా కాగిన లోహపు నడుమ చిక్కిన నూనె అక్కడనే మాడును. ఇట్లు మాడిమాడి నూనెదారి మూసికొనిపోయిన నాడు ఇరుసు అరిగిపోవును. కొన్ని బండ్లలో టర్బో చుట్టును నీరు ప్రవహించు ఏర్పాటు ఉన్నను, తుది మైలును నెమ్మదిగా నడిపి, ఆపిన తరువాత ఒకటి రెండు నిమిషములు ఇంజనును ఊరక తిరుగనిచ్చుట మంచిది. ఆ రెండు నిమిషములలో హెల్మెట్టు తీసి, బిడ్డలను దింపి, మంచినీళ్లు అందించవచ్చును. ఇంజను ఆర్పుట మా యింట ఇప్పుడు పిల్లలు దిగిన తరువాతి పనియే.

నూనెను గూర్చి ఇంకొక్క మాట. ఈ బండ్లకు మైళ్ల లెక్కతో పాటు గంటల లెక్క ముఖ్యము. డ్యాషుమీద గంటలు చూపు గడియార మొకటి యుండును. క్రొత్త బండికి మొదటి నూనె చాల త్వరగా మార్చవలెను, ఏలన క్రొత్త లోహపు రజనంతయు అందులో చేరును. పిదప ఎన్ని గంటల కొకసారి మార్చవలెనో బండితో ఇచ్చు పుస్తకమున నుండును. ఇసుకలో నడపువారు అంతకంటె ముందే మార్చుదురు. పెట్రోలు సంగతియు అట్టిదే. పొలారిస్, కాన్-యామ్ టర్బో బండ్లకు 91 ఆక్టేను పెట్రోలు పోయుమని చెప్పుదురు. గాలను కొక డాలరు మిగులునని తక్కువరకము పోయు పొదుపరితనము మాకు నచ్చదు. కూరబడిన గాలి వేడెక్కియుండును. తక్కువరకము పెట్రోలు అందులో వేళకు ముందే అంటుకొని ముషలకములను సుత్తితో కొట్టినట్లు కొట్టును.

ఇక బెల్టు. ఈ బండి కష్టసుఖములలో ముప్పాతికవంతు ఈ బెల్టునకే చెందునని మా యనుభవము.

రైసుమిల్లు చూచిన వారందఱును ఇంజనునకు, మరకు నడుమ పరుగెత్తు పొడవైన పట్టాను చూచియుందురు. పట్టా తెగినచో మిల్లు ఆగును; ఇంజను మాత్రము వట్టినే తిరుగుచుండును. ఈ బండిలోను ఇంజను బలమును చక్రములకు చేర్చునది అరచేతి వెడల్పైన లేని ఒక రబ్బరు పట్టాయే. అయితే మిల్లు కప్పీలవలె దీని కప్పీలు ఒకే కొలతలో నుండవు. ఒక్కొక్క కప్పీ రెండు గిన్నెమూతలను బోర్లించి ఎదురెదురుగా నిలిపినట్లుండును. ఇంజను వేగము హెచ్చినపుడు మొదటి కప్పీ మూతలు దగ్గరకు వచ్చి పట్టాను అంచునకు నెట్టును. రెండవ కప్పీ మూతలు ఎడమై పట్టాను లోనికి దిగనిచ్చును. ఇట్లు గేర్లు మార్చు ప్రయాస లేకయే బండి వేగము పుంజుకొనును. ఉపాయము చక్కనిది. కాని 150, 200 అశ్వముల బలమంతయు రెండు మూతల నడుమ నొక్కబడిన రబ్బరు మీదుగా పోవలసియుండుటచే, ఆ రబ్బరు ఏమాత్రము జాఱినను కాగిపోవును.

జాఱుట ఎప్పుడు? నెమ్మదిగా పోవునపుడు. ఇది వినుటకు విపరీతముగా తోచును. పెద్ద రాళ్ల నడుమ, నిలువు గట్టు మీద, మనుష్యుని నడకకు కొంచెము మించిన వేగముతో బండిని హై గేరులోనే ఈడ్పించినపుడు మూతలు పట్టాను గట్టిగా నొక్కవు. పట్టా అరగును, కాలును. అట్టి చోట లో గేరు వేయవలెను. అంతియే కిటుకు. మఱియు క్రొత్త పట్టాను వేసిన వెంటనే పందెమునకు దిగరాదు. మొదటి 30 నుండి 50 మైళ్లు వేగమును మార్చుచు, సగమునకు మించి త్రొక్కక నడిపినచో అది కప్పీలకు అలవాటుపడును. ఇసుకకై వేయు తెడ్ల టైర్లు, నలుగురు మనుష్యులు, వెనుక సామాను, ఇవన్నియు పట్టాకు అదనపు బరువులే. మా బండిలో పట్టా వేడిని చూపు చిన్న మీటరొకటి అమర్చుకొన్నాము. అది ముందున్న ఆసనమువారి యెదుటనే యుండును. దానిని చూచుట, హెచ్చినపుడు "చాలు, కాసేపు నెమ్మది" అనుట ఇల్లాలి అధికారము. నడపువారి దృష్టి దారిమీద నుండవలెను గాని మీటరుమీద నుండరాదు గదా!

రెండవ శీతకాలమున కాలిఫోర్నియాలోని గ్లామిస్ తిన్నెలలో మా పట్టా తెగినది. ఆ తిన్నెలు ఆరిజోనా సరిహద్దు దాటిన తరువాత నలువది మైళ్లకు పైగా పొడవున వ్యాపించియుండును. కొన్ని 300 అడుగుల ఎత్తుండును. మేము రెండు తిన్నెల నడిమి పల్లములో నుండగా, బండి ఎక్కుచు ఎక్కుచు ఒక్కసారి పటపటమని చప్పుడు చేసి నిలిచినది. కాలిన రబ్బరు వాసన. సూర్యుడు గంటలో క్రుంకును. ఎడారిలో పగలెంత వెచ్చనో రాత్రి అంత చలి. మా అదృష్టమేమనగా ఆసనము క్రింద వేఱొక పట్టా, పట్టా మార్చు పనిముట్లు, తోలు చేతితొడుగులు, తలకు కట్టు దీపము ఉన్నవి. మూత విప్పునప్పటికి లోపల కప్పీలు చేయి పెట్టరానంత కాగియున్నవి. పావుగంట ఆగితిమి. పట్టా తెగుట కన్న, తెగిన పట్టా నూలుపోగులు ఇరుసు చుట్టును బిగియుటయే చిక్కు. సన్నని ముక్కు కత్తెరతో, జడలో చిక్కు తీసినట్లు, ఒక్కొక్క పోగును లాగి తీయవలసివచ్చెను. ఆ పని ఇంటాయన లావుపాటి వ్రేళ్లకు సాధ్యము గాలేదు. మా అమ్మాయి పదుమూడేండ్లది. అది వంగి దీపము పట్టగా మేము తీసితిమి. ఒక్క పోగు మిగిలినను క్రొత్త పట్టా కూడ తెగునని ముందే చదివియుంటిమి. అంతయు ముగియుటకు నలువదియైదు నిమిషములు పట్టినది.

పట్టా ఒకటి సుమారు 200 డాలర్లు. కొందఱది ఏండ్లు నిలుచును. కొందఱు ఒక్క సెలవులో రెండు తెంచుదురు. తేడా బండిలో లేదు, కాలిలో నున్నది.

ఇసుకకు, దుమ్మునకు వత్తము. టర్బో బండి తక్కినవానికన్న ఎక్కువ గాలిని పీల్చును; గాలితో దుమ్మును గూడ పీల్చును. పిండి జల్లెడకు చిరుగుండిన ఏమగునో మనమెఱుగుదుము. గాలిని వడకట్టు కాగితపు జల్లెడ చిరిగినను, దాని అంచు సరిగా అతుకకున్నను, ఇసుకరేణువులు లక్ష తిరుగుళ్లు తిరుగు రెక్కలను తినివేసి, తరువాత ఇంజను లోపలి గోడలను గీయును. పైకి బండి బాగుగనే నడచుచుండును. ఒకనాడు నూనె త్రాగుట మొదలిడును, పొగ వచ్చును, బలము పోవును. అప్పటికి బాగుచేయుటకు బండి వెలలో సగము కావచ్చును. దీనికి మేము చేయు పరీక్ష మిక్కిలి సులభము. ప్రతి ప్రయాణము తరువాత జల్లెడ తీసి, దాని లోపలివైపు గొట్టమును తెల్లని మల్లుగుడ్డతో తుడిచి చూతుము. గుడ్డ తెల్లగా వచ్చినచో సరియే. మాసినచో దుమ్ము ఎక్కడనో దారి చేసికొన్నదన్నమాట. ఆ దారి కనుగొనునంతవఱకు బండి కదలరాదు. కాగితపు జల్లెడను గాలిమరతో ఊది మరల మరల వాడుట మంచి పని కాదు. గట్టిగా ఊదినచో కంటికి కనబడని చిల్లులు పడును.

యంత్రము ఊపిరితిత్తులను గూర్చి ఇంత చెప్పి మన ఊపిరితిత్తులను మఱువరాదు. ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల మట్టిలో ఒక బూజు జాతి యున్నది. దుమ్ముతో అది శ్వాసలోనికి పోయినపుడు వ్యాలీ ఫీవరు అను జ్వరము రావచ్చును. పెక్కుమందికి అది ఏమియు చేయదు. కొందఱికి జలుబు, దగ్గువలె వచ్చి వారములు, నెలలు నీరసపఱచును. కొద్దిమందికి మాత్రము ఊపిరితిత్తులు దాటి తక్కిన అవయవములకు ప్రాకి ప్రాణాపాయమగును. అమెరికాలో ఈ జ్వరపు లెక్కలలో అధికభాగము ఈ రెండు రాష్ట్రములదే. గర్భిణీ స్త్రీలకు, ముఖ్యముగా కడపటి నెలలలో, ఇది తీవ్రరూపము దాల్చు భయము ఎక్కువని వైద్యులు చెప్పుదురు. కుదుపుల సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. కాబట్టి గర్భముతో నున్న సోదరి ఎవరు ఎంత బలవంతము చేసినను ఈ బండి ఎక్కరాదు. తక్కినవారు ముందు బండి లేపిన దుమ్ములో పోక దూరముగా వెనుకబడి పోవుటయు, ముఖమునకు బిగువైన వడపోత తొడుగు ధరించుటయు మేలు. వారములు గడచినను తగ్గని దగ్గుతో వైద్యుని కడకు పోయినపుడు ఎడారి ప్రయాణము సంగతి తప్పక చెప్పవలెను. చెప్పనిదే ఆయన దానికి పరీక్ష చేయింపక పోవచ్చును.

ఇప్పుడు అన్నింటికన్న ముఖ్యమైన విషయము. ఈ బండి బోల్తాపడును. ఎత్తుగా నుండుటయు, తిన్నెలు ప్రక్కకు వాలియుండుటయు దీనికి స్వభావముగా నున్నవి. పైన పేర్కొన్న రైనో బండిని గూర్చి అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల వస్తుభద్రతా సంఘమువారు 2009 మార్చిలో ప్రకటన చేసిరి. అప్పటికి 46 మరణములు వారి దృష్టికి వచ్చియుండెను. బోల్తా ప్రమాదములలో పెక్కు సమతలముపై, తక్కువ వేగమున మలుపు త్రిప్పునపుడు జరిగినట్లు కనబడుచున్నదని వారు వ్రాసిరి. అంతకుముందు 2007లోనే యమహావారు ఆ బండ్లకు తలుపులను, పట్టుకొను పిడులను ఉచితముగా అమర్చుటకు అంగీకరించిరి. తలుపులెందుకు? బండి ఒరుగుచున్నపుడు మనుష్యుడు అప్రయత్నముగా కాలు బయటపెట్టి నేలను తన్నును, చేయి చాచి పంజరమును పట్టుకొనును. తొమ్మిది, పది మణుగులు గాదు, ముప్పాతిక టన్ను బరువు ఆ చేతిమీద, ఆ కాలిమీద పడును. కావున లోపలి పిడిని పట్టుకొనుట, పాదములు నేలపలకమీద ఆన్చుట, ఆసనపు పట్టీలు రెండు భుజములకును బిగించుట, ప్రక్కవల కట్టుట, ఇవి బండి కదలక మునుపే జరుగవలెను. మేము ఇంటి ముందు నిలిపిన బండిలో కూర్చుండి, "ఒరిగినది!" అనగానే రెండు చేతులు పిడిమీదికి పోవునట్లు పిల్లలచేత అభ్యాసము చేయించితిమి. నవ్వుచు చేసిరి; అయినను చేతులకు అలవాటైనది.

కాలిఫోర్నియాలో 2013 జనవరినుండి అమలులోనున్న చట్టము ప్రకారము ఇట్టి బండిలో నున్న ప్రతివారును హెల్మెట్టు ధరింపవలెను, పట్టీలు బిగింపవలెను. వెనుక కూర్చుండినవారి వీపు ఆసనమునకు ఆనవలెను, పాదములు నేలపలకకు అందవలెను, చేతికి పిడి అందవలెను. పాదములు అందని బిడ్డకు ఈ బండిలో స్థానము లేదు. మా యిల్లు ఈ నియమము వలన కొంత కలత చెందినది. ఆ వివరము చెప్పుట ఉచితమని తలచుచున్నాము.

మా అత్తగారు దేశమునుండి ఆరునెలలకై వచ్చియుండిరి. మా చిన్నవాడు ఐదేండ్లవాడు. వాని కాళ్లు ఆసనపు అంచుకు కొంచెము దిగువనే ఆగిపోవును. తిన్నెల యొద్ద వాడు "నేనూ వస్తాను" అని ఏడ్పు లంకించుకొనెను.

"పసివాడు అంత ఏడుస్తుంటే చూస్తావేమే అమ్మాయీ! నేను ఎక్కి వాణ్ణి ఒళ్లో పెట్టుకుంటాను. మీ ఆయన్ని ఒళ్లో పెట్టుకుని ఎన్ని బస్సులు ఎక్కలేదు నేను!" అనిరి అత్తగారు.

"ఇది బస్సు కాదు అత్తయ్యా. ఇది దొర్లితే మీ చేతుల్లో వాడు నిలవడు, మీరు వాడిమీద పడతారు" అంటిమి.

"అంటే నా మనవణ్ణి నేను పట్టుకోలేనంటావు!"

ఇంటాయన ఇటు తల్లి ముఖమును, అటు మా ముఖమును చూచి మాటాడకుండిరి. అప్పుడు మేము బండిలో వాని నొంటరిగా కూర్చుండబెట్టి, "అత్తయ్యా, మీరే చూడండి" అని వాని పాదములను చూపితిమి. పాదములకును పలకకును నడుమ జానెడు ఖాళీ. పట్టీ వాని భుజమునకు గాక మెడకు తగులుచుండెను. అత్తగారు కొంతసేపు చూచిరి. ఏమియు అనలేదు. వానిని దింపి చంకనెత్తుకొని డేరా వైపు నడచిరి. ఆ మధ్యాహ్నము మాతో మాటలు లేవు. రాత్రి పులిహోర వడ్డించుచు మాత్రము, "వాడికి కాళ్లు ఎప్పటికి అందుతాయో కొలత పెట్టి ఉంచు" అనిరి. మా గరాజు గోడమీద ఆ కొలతగీత యున్నది. వాడు ప్రతి పండుగకును వెళ్లి దానియొద్ద నిలుచును.

తిన్నెలకు పోవువారు బండికి ఎత్తైన జెండాకఱ్ఱ కట్టుట గూడ నియమమే. గ్లామిస్ యొద్ద అది నేలనుండి 8 అడుగుల ఎత్తుండవలెను. తిన్నె కావలివైపున ఎక్కివచ్చు బండి కనబడదు; శిఖరమున ఎదురెదురుగా కలిసికొనుటకు ముందు జెండా ఒక్కటియే కనబడును. అక్కడ ఉత్తరభాగమున చాలమేర బండ్లు పోరాని రక్షితప్రదేశము. ఆ తిన్నెలలో బ్రదుకు అరుదైన మొక్కలున్నవి. కంచెలు, గుర్తుపలకలు చూచి మసలుకొనవలెను.

అగ్నిభయమును గూర్చి చెప్పక తీరదు. 2016 ఏప్రిలులో పొలారిస్ వారు 2013 నుండి 2016 వఱకు గల రేజరు 900, 1000 నమూనాలను సుమారు 1,33,000 బండ్లను బాగుచేయుటకై వెనుకకు పిలిచిరి. అప్పటికి 160కి పైగా బండ్లు అంటుకొన్న వార్తలు వచ్చియుండెను. పదునైదేండ్ల బిడ్డ ఒకరు మరణించిరి. లోపమును వేళకు తెలుపలేదని ప్రభుత్వ సంఘము ఆరోపింపగా, 2018లో ఆ కంపెనీ 2 కోట్ల 72 లక్షల 50 వేల డాలర్లు దండుగగా చెల్లించుట కంగీకరించినది. ఏ కంపెనీ బండియైనను, కొత్తదైనను పాతదైనను, దాని సంఖ్యనుబట్టి వెనుకకు పిలుపు ఏదైన నున్నదా యని కంపెనీవారిని అడిగి తెలిసికొనవలెను. అందుకు రుసుము లేదు. నిప్పార్పు డబ్బాను ఇంజను ప్రక్కన గాక, పట్టీ విప్పకయే చేయి అందుచోట కట్టవలెను.

ఖర్చుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. క్రొత్త టర్బో బండి 20,000 డాలర్లు దాటి, గొప్పవి 30,000 డాలర్లకు పైబడియుండును. దానిని లాగు ట్రెయిలరు, ఐదు హెల్మెట్లు, భీమా, టైర్లు, తెడ్ల టైర్లు వేఱు. మేము నూనె, పట్టాలు, జల్లెడలు, టైర్లు ఒక్కొక్కటి గంటల లెక్కతో సహా పద్దుపుస్తకమున వ్రాయుచున్నాము. ఆ పుస్తకము బండిని అమ్మునాడు గూడ పనికివచ్చును. పాతబండి కొనువారు మెఱుగు చూచి మోసపోరాదు. గంటల గడియారము చూడవలెను. జల్లెడపెట్టె మూత తీసి లోపల మల్లుగుడ్డ పరీక్ష చేయవలెను. పంజరపు గొట్టములమీద ఒక్కచోట మాత్రము క్రొత్త రంగు కనబడినచో, బండి దొర్లెనా యని అడుగవలెను. చక్రమును రెండు చేతుల పట్టి ఊపి, వదులున్నదేమో చూడవలెను. అమ్మువాడు ఇవన్నియు చేయనీయనిచో ఇంటికి మరలిరావలెను.

ఎండకాలమున ఎడారిలో ఎవ్వరును తిరుగరు. వైశాఖము మొదలు భాద్రపదము వఱకు బండి గరాజులోనే యుండును. పెట్రోలు చెడకుండ ఉంచు మందును పీపాలో కలిపి, కొంతసేపు ఇంజను నడిపి, బ్యాటరీ తీగ విప్పి, రేడియేటరు రెక్కలలోని మట్టిని వెనుకవైపునుండి మెల్లని నీటిధారతో కడిగి నిలుపుదుము. ఆరిజోనాలో ప్యాక్‌రాట్ అను ఎలుక జాతి యున్నది. దానికి కారు తీగలు కొఱుకుటయు, పుల్లలు, ముండ్లు ప్రోగుచేసి గూడు కట్టుటయు నిత్యకృత్యము. అందుచేత చలికాలపు మొదటి ప్రయాణమునకు తాళము త్రిప్పక మునుపు జల్లెడపెట్టె మూత తీసి చూతుము. క్రిందటి సంవత్సరము అందులో నాగజెముడు ముండ్లు, మా పెరటి తులసికోట యొద్దనుండి పోయిన ఒత్తులు, చిన్నవాని మేజోడు ఒకటియు దొరకినవి.